గుంటల రాయి

పోయినవారం ఉదయలక్ష్మి మీద మీలో చాలామందికి కోపం వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. అయినా మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం ఆ సోమవారం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు కదులుతాను.

కర్మన్‌ఘాట్ గుడి వెనక కాలనీలో ఇంద్రాణిగారిల్లు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. పెరట్లో పదిమంది కూర్చుని కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునేలా ఒక సిటౌట్ కట్టించి, చుట్టూ తోట వేయించాలని ఆవిడ కోరిక. ఆ కోరికకు కారణం చెల్లెలు కృష్ణకుమారి. తొమ్మిదేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో మాటా మాటా అనుకుని విడిపోయిన అక్కచెల్లెళ్ళు ఈ ఆదివారం కలవబోతున్నారు. ఈలోగా షుగరు వల్ల కృష్ణకుమారికి చూపు పోయింది. అందుకే ఇంద్రాణిగారు ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టారు. చిన్నప్పుడు తామిద్దరూ చింతగింజలతో వామనగుంటలాడిన రాయి సిటౌట్ నడిమధ్యన ఉండాలి. చూపు లేకపోయినా వేళ్ళతో తడుముతూ ఆడుకోవచ్చు.

సోమవారం చూస్తే ఆ రాయి లేదు. మేస్త్రీ అంతయ్య దాన్ని పగలగొట్టి బండల కింద వేసేశాడు. తోట డిజైన్ చేస్తున్న ఉదయలక్ష్మి అందరి ముందూ అతన్ని పట్టుకుని "నీకు చెవులున్నాయా, లేవా?" అంది. అతనేదో చెప్పబోతే చెప్పనివ్వలేదు. అంతయ్య చేతులు కడుక్కుని, తాపీని గోనెసంచిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. మనం అక్కడ ఆగాం.

ఇవాళ శుక్రవారం. పొద్దున పదింటికి ఉదయలక్ష్మి సిటౌట్ మధ్యలో నిలబడి ఒక బకెట్టు నీళ్ళు కుమ్మరించింది.

నీళ్ళు తోట వైపు పోవాలి. అవి తీరిగ్గా కాసేపు ఆలోచించుకుని, వంటింటి గుమ్మం వైపు బయల్దేరాయి. వాటం కుదరలేదు. అంతయ్య వెళ్ళాక బుధవారం పిలిపించిన కొత్త మేస్త్రీ శేఖర్ పని వేగంగానే చేశాడు. ఒక మూల బండలు లేపాడు, మధ్యలో ఏదో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఉదయలక్ష్మి "ఉన్నదంతా ఎత్తించేసెయ్" అని జవాబిచ్చింది. అడుగున ఉన్న రాళ్ళూ మట్టీ ట్రాక్టర్లో నాదర్‌గుల్ అవతలకి వెళ్ళిపోయాయి. బండలు మళ్ళీ పరిచారు. నీళ్ళకు మాత్రం దారి తెలియలేదు.

తోట వరకూ చూస్తే ఆమె పనితనానికి వంక పెట్టలేం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పదిహేనేళ్ళు బోటనీ చెప్పి, పిల్లల చేత పేర్లు బట్టీ పట్టించడం కంటే మొక్కల్ని నేలలో పెట్టడం మేలని బయటికి వచ్చిన మనిషి. చూపు లేని అతిథి కోసమని ఆలోచించి, మెట్టు పక్కన మరువం పెట్టింది. కూర్చునేచోట పందిరికి సన్నజాజి పాకించింది. అంచు వెంబడి నిమ్మగడ్డి నాటింది. ముక్కుతోనే దారి తెలిసిపోవాలని. నడిచే బాటకు గరుకు బండలు, కూర్చునేచోట నున్నటి షాబాద్ బండలు వేయించింది. ఈ బండల ఆలోచన అంతయ్యది. ఇంద్రాణిగారికి చెప్పేటప్పుడు మాత్రం "నాకో ఐడియా వచ్చిందండీ" అని చెప్పింది.

ఇక అంతయ్య లేకపోతే ఆదివారానికి పని తెమలదని తేలిపోయింది. సరే, పోయి పిలుచుకొద్దాం అనుకుంది. పెద్ద మనసు చేసుకుని అతన్ని క్షమించేద్దామని కూడా అనుకుంది. అవును, మీరు చదివింది నిజమే. క్షమిద్దామనే బయల్దేరింది.

గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ వెనక గల్లీలో అంతయ్య ఇల్లు. మార్కెట్ ఉన్న రోజుల్లో అతని భార్య పెంటమ్మ అక్కడ బత్తాయిలు ఏరేది. మార్కెట్ తరలిపోయింది, పెంటమ్మ ఇక్కడే ఉండిపోయింది. ఉదయలక్ష్మి వెళ్ళేసరికి ఆవిడ గుమ్మం ముందు బిందె పట్టుకుని ఉంది.

"అంతయ్య ఉన్నాడా?"

"ఉన్నడు. లోపట ఉన్నడు. జర ఆగు, నల్లా ఒచ్చింది. గిది పోతే మల్ల రెండు దినాలు రాదు" అంది పెంటమ్మ, తలెత్తకుండానే. ఇంతకుముందయితే చూడగానే "ఒచ్చినవా ఉదయమ్మా" అని నవ్వేది.

ఉదయలక్ష్మి ఆ నవ్వు లేకపోవడం గమనించింది. నల్లా అన్న మాట మాత్రం చెవిన పడి, అటునుంచి అటే వెళ్ళిపోయింది.

లోపల అంతయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గరపడుతున్న మనిషి. ఆమెను చూసి లేచి, కుర్చీని తువ్వాలుతో తుడిచి ముందుకు జరిపాడు.

"కూసో అమ్మా. చాయ్ తాగుతవా?"

"వద్దు అంతయ్యా, టైము లేదు. చూడు, జరిగిందేదో జరిగిపోయింది. నేనేం మనసులో పెట్టుకోలేదు. ఆదివారం దగ్గరికొచ్చేసింది, వాటం కుదరట్లేదు. నువ్వొస్తే కుదురుతుంది. ఇంద్రాణిగారికి నేను సర్దిచెప్తాను."

గుమ్మంలో బిందె దబ్బున దిగింది.

"నువ్వు మనసుల పెట్టుకోలేదా? మేం పెట్టుకున్నం" అంది పెంటమ్మ. "గా కాలనీ ఫోన్ల గ్రూపుల రాసిన్రంట, ఈ మేస్త్రిని ఎవరు పిలవకున్రి అని. మూడిండ్లోల్లు ఒద్దనిరి. ముప్పై ఏండ్ల సంది రాయి పని చేస్తున్నడు. ఒక్కల తోని మాట పడలే. గిప్పుడు పనిమంతుడు కాదని పేరొచ్చింది. గీ వయసుల ఇంకో ఊరు చూసుకోవాల్నా?"

"పెంటా, ఊకో" అన్నాడు అంతయ్య.

ఉదయలక్ష్మికి గ్రూపు సంగతి తెలియదు. ఒక్క క్షణం తడబడింది. కానీ తమది పైచేయి అనుకుంటున్నవాళ్ళు అంత తొందరగా తగ్గరు కదా.

"అలా రాయడం తప్పే. కానీ పెంటమ్మా, వాళ్ళ బాధ కూడా చూడాలి. నేను చెప్పిందేమిటి, ఈయన చేసిందేమిటి? గోడకు ఆనించి ఉన్న నల్ల రాయి, ఆ గ్రానైట్ ముక్క పగలగొట్టమన్నాను. పోయి పోయి గుంటల రాయి పగలగొడితే ఎవరికి కోపం రాదు?"

అంతయ్య దిండు కింద నుంచి ఫోన్ తీశాడు. అతనికి చదువు అంతంతమాత్రం కాబట్టి పదకొండేళ్ళుగా ఏ సంగతయినా ఉదయలక్ష్మి గొంతుతోనే చెప్పేది. ఈమధ్య వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడుతోంది. అతను వేలితో పైకి జరిపి, శనివారం దగ్గర ఆపి, నొక్కాడు. ముందు ఆమె గొంతే వినిపించింది. వెనకాల బండ్ల హారన్లు.

"అంతయ్యా, ఆ నల్ల రాయి ఉంది కదా, దాన్ని పగలగొట్టి సిటౌట్ బండల కింద వేసేసెయ్. ఊరికే అడ్డంగా పడుంది."

తర్వాత అంతయ్య గొంతు. ముప్ఫై ఎనిమిది సెకన్లు.

"అమ్మా, నల్లా రాయేనా? నల్లా కాడున్నదే గద నువ్వు జెప్పేది? గది మంచి రాయమ్మా. పద్నాలుగు గుంటలున్నయి, ఎవరో మనసు పెట్టి కొట్టిన్రు. పలగ్గొట్ట బుద్ధి అయితలేదు. గోడకు ఇంకో గ్రానైటు ముక్క ఆనిచ్చి ఉన్నది, గది పలగ్గొట్టమంటే పలగ్గొడ్త. ఏదో జర ఇని జెప్పు అమ్మా."

మళ్ళీ ఆమె గొంతు.

"ఆఁ ఆఁ, నల్ల రాయే అంతయ్యా. ఎన్నిసార్లు అడుగుతావు? చెప్పింది చెయ్."

బయట నల్లా నీళ్ళు బిందెలోకి పడుతున్నాయి.

ఉదయలక్ష్మికి ఆ శనివారం గుర్తొచ్చింది. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర కారులో ఉంది. అంతయ్య మెసేజ్ వచ్చింది. నొక్కింది. "అమ్మా, నల్లా రాయేనా" వరకూ వింది. ఆమె చెవికి అది నల్ల రాయేనా అనే వినిపించింది. సిగ్నల్ పడింది. ఆపేసింది. మిగతా ముప్ఫై నాలుగు సెకన్లు ఇప్పుడే మొదటిసారి వింటోంది.

నల్లా అంటే తెలియక కాదు. తెనాలి నుంచి వచ్చిన వాళ్ళింట్లో కుళాయి అంటారు గానీ, ముప్ఫై రెండేళ్ళుగా ఈ ఊరి నీళ్ళే తాగుతోంది. ఆ రాయి కుళాయి కిందే ఉందని తెలుసు. అది ఇంద్రాణిగారి ప్రాణమనీ తెలుసు. మొదటి రోజే ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించారు. ఆ సంగతి అంతయ్యకు ఒక్క ముక్క చెప్పాలని మాత్రం తోచలేదు. ఎవరూ చెప్పకుండానే అతను దాని విలువ కనిపెట్టాడు. పగలగొట్టొద్దని బతిమాలాడు కూడా. తను వినలేదు.

ఆమె అతని చేతిలోని ఫోన్ వైపు చూపించింది.

"సోమవారం ఇది జేబులోనే ఉంది కదా అంతయ్యా? అక్కడే వినిపించి ఉండొచ్చుగా?"

"ఇంటామె ముంగట నీ ఇజ్జత్ ఎట్ల తీస్త అమ్మా? పదకొండేండ్ల సంది నీ తోని చేస్తున్న. తర్వాత నువ్వే తెల్సుకుంటవ్, ఆమెకు నిమ్మలంగ చెప్తవ్ అనుకున్న." అంతయ్య ఫోన్ మళ్ళీ దిండు కింద పెట్టాడు. "నువ్వేమో చెవులున్నయా లేవా అంటివి. గదొక్కటే నాకు మంచిగనిపియ్యలే. ఎందుకంటే ఎడమ చెవు నిజంగనే లేదమ్మా. బండలు కోసే మిషన్ కాడ నిలబడి నిలబడి పోయింది. రెండేండ్లాయె. నీకు జెప్పలే. జెప్తే మిషన్ పని ఇయ్యవని. గందుకే నీ మెసేజ్ ఏదొచ్చినా కుడి చెవు కాడ పెట్టుకుని రెండుసార్లు ఇంట."

రెండుసార్లు. తను ఒక్కసారి కూడా పూర్తిగా వినని చోట, సగం చెవులున్న మనిషి రెండుసార్లు వింటున్నాడు. ఉదయలక్ష్మికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పెంటమ్మ బిందె వదిలేసి లోపలికి వచ్చి నిలబడింది గానీ ఊరుకోమని అనలేదు. అనకపోవడమే న్యాయం.

"క్షమించు అంతయ్యా. ఇప్పుడే వెళ్ళి ఇంద్రాణిగారికి చెప్పేస్తాను."

"గిప్పుడెందుకమ్మా? ఎల్లుండి అక్కచెల్లెండ్లు కల్సుకోవాలె. గీ ముచ్చట చెప్పి ఆమెను పరేషాన్ చేసుడెందుకు? ఆదివారం పోనీ. నేనొచ్చి వాటం చేసిపోత."

మీ దగ్గర దాచడమెందుకు, ఆ మాటకు ఆమె ప్రాణం ఒక్క క్షణం తేలికపడింది. ఆదివారం పోనీ. ఎంత హాయిగా ఉంది వినడానికి! అదే కాలనీలో ఆమెకింకా రెండు తోటలున్నాయి. తర్వాత, నెమ్మదిగా, మంచి సమయం చూసి... అంతలో పెంటమ్మ మొహం చూసింది. ఆవిడ ఏమీ అడగడం లేదు. తన మొగుణ్ణి పనిమంతుడు కాదన్న మాట ఎవరు వెనక్కి తీసుకుంటారా అని చూస్తోంది, అంతే.

అప్పుడే ఫోన్ మోగింది. ఇంద్రాణిగారు.

"ఉదయా, ఎక్కడున్నావమ్మా? కృష్ణ వచ్చేసింది. ఆదివారం దాకా ఆగలేనని పొద్దున్నే బయల్దేరిందట. పెరట్లో కూర్చుంది. రాయి గురించి దానికింకా చెప్పలేదు. నాకేం తోచడం లేదు, రా."

ఉదయలక్ష్మి లేచింది. "అంతయ్యా, నువ్వూ రా. నీ ముందే చెప్తాను."

వాళ్ళిద్దరూ గేటు తీసుకుని పెరట్లోకి వచ్చేసరికి, కృష్ణకుమారి సన్నజాజి పందిరి కింద నల్ల కళ్ళద్దాలతో కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న గుడ్డసంచి. కదిపినప్పుడల్లా చింతగింజలు గలగలమంటున్నాయి. ఇంద్రాణిగారు పక్కన నిలబడి చీరకొంగు వేలికి చుట్టుకుంటున్నారు.

"ఎవరో వచ్చారు. తోట వేసినమ్మాయేనా?" అంది కృష్ణకుమారి. "చాలా బాగా ఆలోచించావమ్మా. మరువం వాసన రాగానే మెట్టుందని తెలిసిపోయింది. బాట గరుకుగా ఉంది, ఇక్కడ నున్నగా ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చి కూర్చున్నాను. ఇలా కూర్చుని రెండేళ్ళయింది."

ఉదయలక్ష్మి అంతయ్య వైపు చూసింది. "బండల ఆలోచన నాది కాదండీ. మా మేస్త్రీ అంతయ్యది" అంది.

ఆ పేరు వినగానే ఇంద్రాణిగారు తలెత్తి చూశారు. "ఇతన్నెందుకు తీసుకొచ్చావు?"

"అక్కా," అంది కృష్ణకుమారి అదే క్షణంలో, "రాయేదీ? ఇందాకట్నుంచి కాలితో వెతుకుతున్నాను."

ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేనని ఉదయలక్ష్మికి తెలిసిపోయింది.

"రాయి పగిలిపోయిందండీ. నా వల్ల. ఇంద్రాణిగారూ, అంతయ్య తప్పేమీ లేదు. నేను నల్ల రాయి అన్నాను. అతను నల్లా దగ్గరి రాయా అని అడిగాడు. పద్నాలుగు గుంటలున్నాయి, మంచి రాయి, పగలగొట్టాలనిపించట్లేదు అని కూడా చెప్పాడు. నేను అతని మెసేజ్ సగం కూడా వినకుండా చెప్పింది చెయ్ అన్నాను. సోమవారం మీ అందరి ముందూ అతన్నే తిట్టాను. అతని దగ్గర రుజువుండి కూడా నా పరువు కోసం నోరెత్తలేదు."

ఇంద్రాణిగారు కేకలేస్తారనుకుంది. కేకలేసినా బాగుండేది. ఆవిడ నిదానంగా అంతయ్య వైపు తిరిగి, "నాలుగు రోజులుగా నిన్ను తిట్టుకుంటున్నానయ్యా" అన్నారు. తర్వాత ఉదయలక్ష్మి వైపు చూశారు. "గ్రూపులో రెండొందల మంది చదివారు. ఈయన పేరు పెట్టి మరీ రాశాను. దానికేం చేద్దాం?"

"నేను చెప్తాను. ఇవ్వండి."

ఆవిడ ఫోన్‌లో గ్రూపు తెరిచి ఇచ్చారు. ఉదయలక్ష్మి మైకు గుర్తు నొక్కి పట్టుకుంది. "నా పేరు ఉదయలక్ష్మి. ఇంద్రాణిగారింట్లో రాయి పగలడం మేస్త్రీ అంతయ్య పొరపాటు కాదు. నేను వినకుండా చెప్పాను. అతను చెప్పినట్టే చేశాడు. ఆయనంత పనిమంతుడు నాకు తెలిసి ఈ చుట్టుపక్కల లేడు. తప్పు నాది." వేలు తీసేసింది. అది వెళ్ళిపోయింది. ఆ రెండు తోటలూ ఉంటాయో పోతాయో ఇక ఆమె చేతిలో లేదు.

అంతయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఇంతసేపూ కృష్ణకుమారి గుడ్డసంచిని గట్టిగా పట్టుకుని ఉంది. "ముక్కలేం చేశావు మేస్త్రీ?" అంది చివరికి.

"ఉన్నయమ్మా. రెండే ముక్కలు. ఒక్క దెబ్బకు నడిమిట్ల ఇరిగింది. ఇంకో దెబ్బ ఎయ్య చెయ్యి రాలే. ఎన్నడన్న కావాలంటే తియ్యొచ్చని రెండిట్ని ఇసుకల బోర్లేసి పైన బండలు పరిచిన. నువ్వు కూసున్న కాడ్నే ఒకటి, దాని పక్కపొంటి ఇంకోటి."

"బండలు లేపితే ఆదివారానికి ఈ సిటౌట్ ఉండదు" అన్నారు ఇంద్రాణిగారు.

"సిటౌట్ చూడ్డానికి వచ్చానా అక్కా నేను?" కృష్ణకుమారి లేచి నిలబడి పక్కకు జరిగింది.

అంతయ్య గడ్డపార తీసుకున్నాడు. అలవాటు కొద్దీ ఉదయలక్ష్మి వైపు తిరిగాడు. "అమ్మా, గీ బండ లేపమంటవా?"

ఆమె చుట్టూ తిరిగి అతని కుడిపక్కకు వచ్చి నిలబడింది. "ఏ బండ అంతయ్యా? మొత్తం చెప్పు. వింటాను."

అతను చెప్పాడు. ఏ బండ ముందో, ఏది తర్వాతో, ఎటునుంచి పట్టాలో. ఆమె చివరిదాకా వింది. తర్వాత సరేనంది.

మొదటి బండ లేచింది. ఇసుక తోడి, అంతయ్య రెండు చేతులతో రాతి ముక్కను పైకి తీసి, కడిగి, కృష్ణకుమారి ముందు పెట్టాడు. ఆవిడ కింద కూర్చుని వేళ్ళతో తడిమింది. "ఒకటి, రెండు, మూడు... ఎనిమిది" అని లెక్కపెట్టి, నవ్వబోయి ఏడ్చింది. ఇంద్రాణిగారు కూడా కింద కూర్చున్నారు. ఎన్నేళ్ళకో ఇద్దరి మోకాళ్ళూ తగిలాయి.

"మిగతా ఆరూ అటు ముక్కలో ఉండాలి" అంది కృష్ణకుమారి. "నా వరసలో ఏడో గుంట లోతు తక్కువ. గింజలు నిలిచేవి కావు. దానికోసమేగా అక్కా మనం జుట్లు పట్టుకునేవాళ్ళం? ఇవ్వు మేస్త్రీ." చెయ్యి చాపింది.

అంతయ్య పక్క బండ లేపాడు. కింద ఇసుక తోడాడు. ఇంకా తోడాడు. ఎర్రమట్టి తగిలింది. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నేను బోయినంక ఈ బండ ఎవరన్న లేపిన్రా?"

ఉదయలక్ష్మి ఫోన్ తీసింది. ట్రాక్టర్లో నాదర్‌గుల్ అవతలకి పోయిన రాళ్ళూ మట్టీ గుర్తొచ్చాయి. బుధవారం శేఖర్ పంపిన మెసేజ్ అక్కడే ఉంది. ఇరవై రెండు సెకన్లు. దాని కింద ఆమె టైప్ చేసిన మాటలు: ఉన్నదంతా ఎత్తించేసెయ్. ఆ మెసేజ్‌ని ఆమె అసలు తెరవనే లేదు.

కృష్ణకుమారి చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. ఉదయలక్ష్మి మెసేజ్ నొక్కింది.

"మేడం, కింద గుంటలున్న రాయి ముక్క ఒకటి బయటపడ్డది..." అంటూ మొదలైంది శేఖర్ గొంతు. ఆమె ఫోన్‌ను అంతయ్య కుడిచెవి దగ్గర పట్టుకుని, తనూ తల వంచి వినసాగింది.